స్టెంట్ పడిన మనిషికి పరగడుపున పచ్చి వెల్లుల్లి: ఎంత, ఎలా, ఎవరికి వద్దు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారికి 58 ఏళ్లు, బీపీ ఉంది. ఎనిమిది నెలల కిందట గుండెకు స్టెంట్ వేశారు. బీపీ మాత్రతో పాటు రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. ఎవరో చెప్పారని అమ్మగారు రోజూ పరగడుపున నాలుగు పచ్చి వెల్లుల్లి రెబ్బలు నీళ్లతో మింగిస్తున్నారు. పది రోజులుగా ఆయనకు ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. తేనెలో నానేసిన వెల్లుల్లి సీసా ఒకటి వంటింటి గట్టు మీద ఉంది. ఇదంతా ఆపెయ్యాలా, కూరల్లో వేసిన వెల్లుల్లికి ఏమైనా గుణం ఉంటుందా, వెల్లుల్లితో చేసే ఇంటి వైద్యాల మాటేమిటి అని అడిగారు.

పరగడుపున మింగించడం ఈ రోజే ఆపించండి. తేనె సీసా పారబోయండి. వంటలో వెల్లుల్లి మాత్రం మానొద్దు, రోజుకు రెండు మూడు చిన్న రెబ్బలు నిశ్చింతగా తినొచ్చు. మాత్రల్లో ఒక్కటి కూడా డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. స్టెంట్ పడిన మనిషికి ఛాతీలో మంట అంటే వెల్లుల్లి వల్లే, గ్యాస్ వల్లే అని ఇంట్లో మనమే తేల్చుకోకూడదు. చాలావరకు అది కడుపు మంటే అయ్యుంటుంది. అయినా రేపే వెళ్లి కార్డియాలజిస్టుకు చూపించండి. మంటతో పాటు చెమటలు పట్టడం, ఆయాసం, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం ఉంటే రేపటిదాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మలం నల్లగా తారులా వస్తోందేమో కూడా ఆయన్ని అడగండి. రక్తం పలచన చేసే మాత్రలు వాడేవాళ్లకు కడుపులో రక్తస్రావం అయితే కనిపించే గుర్తు అది.

ఇప్పుడు కారణాలు.

రెబ్బను నమలకుండా మాత్రలా మింగితే వెల్లుల్లి గుణం దాదాపుగా రాదు. పొట్టు తీసిన రెబ్బకు ఘాటు వాసన ఉండదని మీరూ గమనించే ఉంటారు. కత్తి పడ్డాకే, దంచాకే ఆ వాసన గుప్పుమంటుంది. రెబ్బలో అల్లీన్ అనే గంధకపు పదార్థం ఒక అరలో, అల్లినేజ్ అనే ఎంజైమ్ వేరే అరలో ఉంటాయి. కణాలు చితికినప్పుడు ఆ రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి, బ్యాక్టీరియాను అడ్డుకుంటుందని చూపించారు. ఘాటూ, మంటా, మనం చెప్పుకునే గుణాల్లో ఎక్కువ భాగమూ దీని నుంచి, ఇది విడిపోతే వచ్చే పదార్థాల నుంచి వచ్చేవే. ఆ ఎంజైమ్‌కు రెండు బలహీనతలున్నాయి. వేడి తగిలితే చచ్చిపోతుంది, బాగా పుల్లటి చోట పనిచేయదు. కడుపులో ఉండేది ఆమ్లమే కదా. చితక్కుండా దిగిన రెబ్బ అక్కడ నానుతుంది కానీ అల్లిసిన్ సరిగా తయారవదు. అంటే నాన్నగారికి లాభం అందడం లేదు, ఖాళీ కడుపు మీద వెల్లుల్లి పడి మంట మాత్రం అందుతోంది.

అలాగని నమిలి తినిపించమని చెప్పడం లేదు. నాలుగు పచ్చి రెబ్బలు నమిలితే మంట ఇంకా పెరుగుతుంది. అసలు చిక్కు మాత్రల దగ్గర వస్తుంది. వెల్లుల్లికి, ముఖ్యంగా నూనెలో తయారయ్యే అజోయిన్ అనే పదార్థానికి, ప్లేట్‌లెట్లు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, ఒకదానికొకటి అంటుకోకుండా చేసే స్వభావం ఉంది. స్టెంట్ వేశాక మామూలుగా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ చేసే పనీ అదే. కూరలో పడే వెల్లుల్లితో ఇది లెక్కలోకి వచ్చేంత ఉండదు. పచ్చిది పెద్ద మోతాదులో రోజూ తిన్నా, వెల్లుల్లి క్యాప్సూల్స్ వేసుకున్నా రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. రక్తం పలచన చేసే ఇంకో రకం మాత్ర వార్ఫరిన్, అది వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు ఒక వారం బాగా తిని, మరో వారం మానేసి చేయకుండా రోజూ ఒకే తీరులో తినాలి. ఎందుకంటే వాళ్ల మాత్ర మోతాదును రక్తపరీక్ష చూసి సరిచేస్తారు, తిండి మారుతూ ఉంటే ఆ లెక్క కుదరదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వెల్లుల్లికీ మాత్రకూ పడదని విన్న కొందరు వెల్లుల్లిని ఉంచుకుని మాత్ర ఆపేస్తారు. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో ఆ రెండు మాత్రలు ఆపితే స్టెంట్ లోపలే గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. ఆపాల్సింది మింగుడు వెల్లుల్లిని.

ఇంతకూ బీపీకి, కొలెస్ట్రాల్‌కి వెల్లుల్లి పనిచేస్తుందా? రెండిటికీ జవాబు ఒకటి కాదు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు వెల్లుల్లి పొడి, నిల్వ చేసిన వెల్లుల్లి సారం వారాల తరబడి ఇచ్చి చూసిన పరీక్షలన్నిటినీ కలిపి లెక్కిస్తే పై అంకె సగటున ఎనిమిది పాయింట్ల దాకా తగ్గింది. మామూలు బీపీ ఉన్నవాళ్లలో పెద్ద తేడా రాలేదు. అది కొలిచి ఇచ్చిన క్యాప్సూళ్ల సంగతి. ఇంట్లో రెండు రెబ్బలు తింటే అంతే తగ్గుతుందనడానికి లేదు. కొలెస్ట్రాల్ విషయంలో నాకు బాగా నమ్మకమున్న పరీక్ష 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది. చెడు కొలెస్ట్రాల్ ఓ మోస్తరుగా ఎక్కువున్న 192 మందిని గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు పచ్చి వెల్లుల్లి, రెండు గుంపులకు రెండు రకాల వెల్లుల్లి మాత్రలు, మిగిలిన గుంపుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. వారానికి ఆరు రోజుల చొప్పున ఆరు నెలలు, పచ్చి వెల్లుల్లి రోజుకు సుమారు 4 గ్రాములు. చివరికి చెడు కొలెస్ట్రాల్‌లో ఏ గుంపుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుండెలో బ్లాకులు కరుగుతాయని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఏ ఆధారమూ లేదు. నాన్నగారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసి ఉంటే దాని పని వెల్లుల్లి చేయదు.

మోతాదు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన లెక్క రోజుకు 2 నుంచి 5 గ్రాముల తాజా వెల్లుల్లి. మన బజార్లో దొరికే చిన్న రెబ్బ ఒకటి, ఒకటిన్నర గ్రాములు ఉంటుంది. ఊటీ వెల్లుల్లి అని అమ్మే లావు రెబ్బ ఒక్కటే 4, 5 గ్రాములు తూగుతుంది. అందుకే "రోజుకు నాలుగు రెబ్బలు" అన్న సలహాకు అర్థం లేదు, ఏ రెబ్బలో చూసుకోవాలి. ఇంట్లో చిన్న త్రాసు ఉంటే ఒక్కసారి తూచి చూడండి, తర్వాత కంటితోనే తెలిసిపోతుంది.

వంటలో ఎలా వాడాలన్నది అసలు విషయం.

ముందు దంచండి, పది నిమిషాలు వదిలేయండి, తర్వాతే పొయ్యి దగ్గరికి తీసుకెళ్లండి. దంచిన వెంటనే నూనెలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, అల్లిసిన్ పూర్తిగా తయారయ్యే వ్యవధి దొరకదు. 2001లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, చితక్కొట్టి వెంటనే మైక్రోవేవ్‌లో 60 సెకన్లు పెట్టిన వెల్లుల్లి, క్యాన్సర్‌కు దారితీసే మార్పుల నుంచి కాపాడే గుణాన్ని పోగొట్టుకుంది. పది నిమిషాలు ఆగి వేడి చేసిన దాంట్లో ఆ గుణం కొంత నిలిచింది. అందుకని వంట మొదలుపెట్టగానే వెల్లుల్లి చితక్కొట్టి ఒక గిన్నెలో పక్కన పెట్టుకోండి. ఉల్లిపాయ, కూరగాయ తరిగేలోగా పది నిమిషాలు అవనే అవుతుంది. ఆ పది నిమిషాల్లో నిమ్మరసం, చింతపండు రసం దాని మీద పోయొద్దు. పులుపు ఎంజైమ్‌ను ఆపేస్తుంది. వెల్లుల్లి ఘాటు తగ్గాలనుకునే చట్నీల్లో మాత్రం అదే కిటుకు పనికొస్తుంది, నిమ్మరసంలోనే దంచితే మంట తక్కువ వస్తుంది.

ఎంత మెత్తగా చితికితే అంత ఘాటు. రెబ్బ అలాగే వేసి ఉడికిస్తే తియ్యగా, వెన్నలా ఉంటుంది. చక్రాలుగా తరిగితే మధ్యస్థం. రోట్లో దంచితే అన్నిటికంటే ఎక్కువ. నాన్నగారికి కడుపు కుదుటపడేదాకా, ఓ రెండు వారాలు, పప్పులో, సాంబారులో రెబ్బలు అలాగే ఉడికించి పెట్టండి. తర్వాత దంచింది మొదలుపెట్టండి.

పోపు దగ్గర చాలా ఇళ్లలో జరిగే పొరపాటు వెల్లుల్లిని మాడ్చడం. ఆవాలకు కావాల్సిన వేడి వెల్లుల్లికి ఎక్కువ. నూనె కాగాక ఆవాలు వేసి, చిటపట పూర్తిగా ఆగనివ్వండి. జీలకర్ర, ఎండుమిర్చి వేసి మంట బాగా తగ్గించండి. అప్పుడు కచ్చాపచ్చాగా నలిపిన వెల్లుల్లి వేయండి. అంచులు లేత బంగారు రంగుకు తిరగడానికి అర నిమిషం చాలు. ఆ రంగు కనపడగానే కరివేపాకు వేసి, పోపు మొత్తం పప్పులోకి దించేయండి. మూకుడులోనే ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఉంచితే, దించాక నూనె వేడికే ఇంకాస్త మాడి చేదెక్కుతుంది. ఒక్క రెబ్బ మాడినా పప్పంతా ఆ చేదు తెలుస్తుంది. మాడిపోతే ఆ పోపు పారేసి కొత్తది పెట్టుకోండి, ఉప్పు వేసి సర్దొద్దు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి, బీపీ మనిషికి వెల్లుల్లి చేసే పెద్ద మేలు ఇక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక టీస్పూను, రోజంతా తిన్న అన్నిటిలో కలిపి. కూరల్లో ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉందని ఎవరూ తినరు. దంచిన వెల్లుల్లి, మిరియం, నిమ్మ, జీలకర్ర ఆ చప్పదనాన్ని కప్పేస్తాయి. నన్ను సలహా అడిగే బీపీ వాళ్లలో వెల్లుల్లి రోజూ తింటున్నా బీపీ దిగడం లేదని చెప్పేవాళ్లు తరచుగా ఉంటారు. ఎలా తింటున్నారని అడిగితే వెల్లుల్లి కారం, వెల్లుల్లి ఆవకాయ అంటారు. ఆ ముద్దలో వెల్లుల్లి గ్రాము, ఉప్పు అంతకంటే ఎక్కువ.

చారుతో మొదలుపెట్టండి. నలుగురికి నిమ్మకాయంత చింతపండు, ముప్పావు లీటరు నీళ్లు, ఒక టమాట, పసుపు. ఉప్పు ఒక్క టీస్పూను మించొద్దు. ఒక టీస్పూను జీలకర్ర, అర టీస్పూను మిరియాలు రోట్లో బరకగా దంచి, దాంట్లోనే చిన్న రెబ్బలు ఎనిమిది పొట్టుతోనే వేసి నలగ్గొట్టి పది నిమిషాలు ఉంచండి. సగం ముద్ద చారు మరుగుతున్నప్పుడు వేయండి, అది రుచికి. మిగతా సగం పొయ్యి కట్టేశాక వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి, అది ఘాటుకీ గుణానికీ. ఉప్పు తక్కువైందని తినేవాళ్లు కనిపెట్టలేరు.

వెల్లుల్లి కారం లేనిదే ముద్ద దిగదంటే, కారప్పొడి, ఉప్పు, వెల్లుల్లి మాత్రమే కలిపి నూరేది కాకుండా పుట్నాలతో చేయండి. అర కప్పు పుట్నాల పప్పు, వేయించిన ఎండుమిర్చి ఏడెనిమిది, రెండు చెంచాల ఎండుకొబ్బరి తురుము, చెంచా జీలకర్ర, గోళీకాయంత చింతపండు, అర టీస్పూను ఉప్పు. ఇవన్నీ పొడి అయ్యాక చివర్లో పది రెబ్బలు వేసి మిక్సీని రెండు మూడుసార్లు తిప్పి ఆపేయండి. వెల్లుల్లి ముందే వేస్తే దాని తడికి పుట్నాలు ఉండకట్టి మెదగవు. ఎక్కువసేపు తిప్పితే మిక్సీ వేడెక్కి నూనె తేలి ముద్దవుతుంది. పచ్చి వెల్లుల్లి తడి ఉంటుంది కాబట్టి ఈ పొడి ఫ్రిజ్‌లో పెట్టి వారంలోగా అవగొట్టండి.

తోటకూర, గోంగూర, పాలకూర లాంటి ఆకుకూరలకు పావుకిలోకి ఐదారు రెబ్బలు పడితే ఉప్పు సగానికి తగ్గించవచ్చు. ఆకుకూరల్లో సహజంగానే ఉప్పదనం కొంత ఉంటుంది, వెల్లుల్లి దాన్ని పైకి తెస్తుంది. మధ్యాహ్నం పలచటి మజ్జిగ గ్లాసులో ఒక చిన్న రెబ్బ నలిపి, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు వేసి, ఉప్పు లేకుండా ఇవ్వండి. పచ్చి వెల్లుల్లి తినాల్సిందేనని అమ్మగారు పట్టుబడితే ఇదే మంచి దారి. అన్నం తిన్నాక కాబట్టి కడుపులో మండదు.

ఇక తేనె సీసా, నూనె సీసా. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట నిల్వ చేయొద్దు. వెల్లుల్లి మట్టిలో పెరిగేది, మట్టిలో బోటులినమ్ బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. గాలి తగలకుండా, పులుపు లేకుండా, గది వేడిలో ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. నూనె అడుగున సరిగ్గా అదే పరిస్థితి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్లో వాడిన నూనెలోని వెల్లుల్లి వల్ల 36 మంది ఈ విషం వల్ల వచ్చే బోటులిజం అనే జబ్బు బారిన పడ్డారు. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో మళ్లీ ముగ్గురికి వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో ఇలాంటి సరుకుకు పులుపు కలపడం తప్పనిసరి చేశారు. ఈ విషానికి రంగు, వాసన, రుచి ఉండవు, కాబట్టి వాసన చూసి తేల్చుకోవడం కుదరదు. రెండు రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం దాని లక్షణాలు. తేనె సంగతి కాస్త వేరు. తేనె పుల్లనిదే, చిక్కనిదే. కానీ వెల్లుల్లి నీరు వదిలి దాన్ని పలచన చేస్తుంది, సీసాలో బుడగలు వస్తాయి, తేనెలోనూ ఆ బీజాలు ఉండొచ్చు. ఎంత పలచనైందో, ఎంత పులుపు మిగిలిందో ఇంట్లో కొలవలేం. ముప్పు నూనెలో ఉన్నంత కాకపోయినా, దానివల్ల వచ్చే లాభమేమీ లేనప్పుడు ఆ కాస్త ముప్పు కూడా ఎందుకు? ఏడాది లోపు పిల్లలకు వెల్లుల్లి సంగతి అటుంచి తేనే నాకించకూడదు.

మరి మన వెల్లుల్లి ఆవకాయ? అది ఏళ్లుగా నిలుస్తోంది, ఎందుకంటే ఉప్పు దండిగా ఉంటుంది, మామిడి లేదా నిమ్మ పులుపు ఉంటుంది. పైన పోసిన నూనె గాలిని ఆపుతుంది, అంతే. ఈ మధ్య బీపీ ఉందని పచ్చడిలోనే ఉప్పు తగ్గించి పెట్టేవాళ్లు ఉన్నారు. అలా చేయొద్దు. పచ్చడిలో ఉప్పు రుచి కోసమే వేసేది కాదు, అది తగ్గితే పచ్చడి చెడుతుంది. ఉప్పు పాళ్లు ఉన్నట్టే ఉంచి, తినే పచ్చడి తగ్గించండి. ఒక సంగతి, నిమ్మరసం పడ్డాక వెల్లుల్లి రెబ్బలు ఆకుపచ్చగానో నీలంగానో మారితే భయపడి పారబోయకండి. అది గంధకపు పదార్థాలు పులుపులో కలిసి చేసే రంగు, హాని లేదు. బూజు, జిగురు, తేడా వాసన ఉంటే మాత్రం పారేయాలి.

అల్లం వెల్లుల్లి ముద్ద ఇంట్లో నూరుకుంటే ఫ్రిజ్‌లో వారం, అంతకంటే ఎక్కువ కావాలంటే ఐస్ ట్రేలో గడ్డకట్టించి డబ్బాలో వేసుకోండి. కావాల్సినప్పుడు ఒక్కో ముక్క తీసుకోవచ్చు. మసాలా కూరకు అది బాగానే ఉంటుంది. గుణం కోసమైతే అప్పటికప్పుడు దంచిందే నయం, నిల్వలో అల్లిసిన్ విరిగిపోతూ ఉంటుంది.

ఇంటి వైద్యాల గురించి కూడా అడిగారు. వెల్లుల్లి పాలకు ఆయుర్వేదంలో క్షీరపాకం పద్ధతి ఉంది. ఒక వంతు ద్రవ్యానికి ఎనిమిది వంతుల పాలు, ముప్పై రెండు వంతుల నీళ్లు, నీళ్లన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా సన్నని సెగ మీద కాచడం. 5 గ్రాముల వెల్లుల్లికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు అన్నమాట. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పెట్టి కలుపుతూ ఉండాలి, వదిలేస్తే చివర్లో పాలు అడుగంటుతాయి. ఇంతసేపు కాగడంతో ఘాటు చచ్చి కడుపుకు మెత్తగా ఉంటుంది. జలుబు, దగ్గు ఉన్న రాత్రి వెచ్చగా తాగితే హాయిగా ఉంటుంది. కానీ జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా పాలతో సరిపెట్టొద్దు. వెల్లుల్లి కరోనాను ఆపుతుందన్న ప్రచారానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

బాలింతలకు నేతిలో వేయించిన వెల్లుల్లి మొదటి ముద్దలో పెట్టడం మనకు ఉన్నదే. అది మంచి తిండి, పెట్టొచ్చు. 1991లో అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో తల్లి వెల్లుల్లి తిన్నాక ఓ రెండు గంటలకు పాలలో ఆ వాసన తెలిసింది, ఆ పాలను పిల్లలు ఎక్కువసేపు పట్టుకుని తాగారు. కాబట్టి వాసనకు బిడ్డ తాగదన్న భయం అక్కర్లేదు. పాలు ఎక్కువ పడతాయన్నది మాత్రం దీంతో రుజువు కాలేదు. బిడ్డను తరచుగా పట్టించడమే దానికి మార్గం.

పచ్చి వెల్లుల్లిని ఒంటి మీద కట్టొద్దు. నొప్పి ఉన్నచోట దంచి కట్టు కట్టడం, పిప్పిపన్ను పక్కన చిగురులో కుక్కడం, గజ్జి తామర మీద రుద్దడం, మర్మావయవాల దగ్గర పెట్టడం, ఇవన్నీ చర్మాన్ని నిప్పుతో కాల్చినట్టే బొబ్బలెక్కిస్తాయి. రాత్రంతా ఉంచితే చర్మం ఊడొస్తుంది. చంటిపిల్లల చర్మం మరీ పలచన, వాళ్లకు అసలు వద్దు. చెవిపోటుకు వెల్లుల్లి కాచిన నూనె పోయడం కూడా మానాలి. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా చెవిలో ఏదీ పోయకూడదు.

ఆపరేషన్ ఏదైనా ఉంటే, పన్ను పీకించుకోవడం సహా, కనీసం వారం ముందు నుంచి పచ్చి వెల్లుల్లి, క్యాప్సూల్స్ ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. క్యాప్సూల్‌ను తిండిగా చూడొద్దు, మందుగానే చూడండి. హెచ్‌ఐవీకి వాడే సాక్వినావిర్ అనే మందు మోతాదు రక్తంలో సుమారు సగానికి పడిపోయిందని, కారణం వెల్లుల్లి క్యాప్సూల్సేనని 2002లో తేలింది. ఆయుర్వేద దుకాణంలో దొరికింది కదా అని ఇంకో మందు పక్కన చేర్చకూడదు.

కొందరికి వెల్లుల్లి తింటే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు. దాంట్లో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం పేగుల్లో పులిసి అలా చేస్తుంది. ఆ పదార్థం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి పోపు నూనెలో పెద్ద ముక్కలు వేయించి, రంగు తిరగగానే ముక్కలు తీసేసి, ఆ నూనెతో కూర వండితే వాసన, రుచి వస్తాయి, ఉబ్బరం రాదు. చారులోనో సాంబారులోనో ఉడికించి తర్వాత ముక్కలు ఏరేస్తే లాభం లేదు, అప్పటికే నీళ్లలోకి దిగిపోయి ఉంటుంది. ఆ వెల్లుల్లి నూనె కూడా ఏ పూటకు ఆ పూట చేసుకోవాల్సిందే, సీసాలో దాచొద్దు.

నోటి వాసన గురించి నాన్నగారు ఇబ్బంది పడుతుంటే, పళ్లు తోముకుంటే పూర్తిగా పోదు. అరిగాక అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి బయటికి వస్తుంది. తినేటప్పుడే పక్కన పాలో పెరుగో ఉంటే కొంత తగ్గుతుంది. పచ్చి ఆపిల్ ముక్క, పుదీనా ఆకులు నమిలినా పనిచేస్తాయి.

కొనేటప్పుడు పాయ గట్టిగా, బరువుగా, పొట్టు కాగితంలా ఎండి ఉండాలి. నొక్కితే మెత్తబడే రెబ్బ లోపల ఎండిపోయో కుళ్లో ఉంటుంది. మన మార్కెట్లకు ఎక్కువగా వచ్చేది మధ్యప్రదేశ్ మంద్‌సౌర్, నీమచ్ వైపు సరుకు. వానాకాలంలో తేమకు పైపొట్టు మీద నల్లటి బూజు పొడి కనిపిస్తుంది. అది పైపొట్టుకే పరిమితమైతే ఒలిచి కడిగి వాడొచ్చు, రెబ్బ మీదే నల్లమచ్చ ఉంటే పారేయండి. మొలకొచ్చిన వెల్లుల్లి విషం కాదు, నడుమ పచ్చటి మొలక చేదు కాబట్టి చీల్చి తీసేస్తే చాలు. పాయలను ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చల్లదనానికి మొలకెత్తుతాయి, బయటికి తీశాక త్వరగా కుళ్తాయి. గాలాడే బుట్టలో, వెలుతురు తగలని చోట వేలాడదీయండి. ప్లాస్టిక్ కవరు ముడేసి పెట్టొద్దు. ఒలిచిన రెబ్బలైతే ఫ్రిజ్‌లో మూత ఉన్న డబ్బాలో అడుగున పొడి గుడ్డ వేసి, వారంలోగా వాడేసుకోవాలి.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఎన్నాళ్ల నుంచి ఎన్ని రెబ్బలు మింగారు, మంట ఏ వేళల్లో వస్తోంది, దానికోసం మందుల షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్ర ఏదైనా వేసుకున్నారా. చివరిది మరిచిపోవద్దు, ఒమెప్రజోల్ లాంటి కొన్ని గ్యాస్ మాత్రలు క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. ఏది వేసుకోవాలో కార్డియాలజిస్టే రాయాలి.